శిలాఫలకానికీ దీపానికీ మధ్య: మన్నవరం చెప్పే చరిత్ర

2010 సెప్టెంబరు 1న శ్రీకాళహస్తి దగ్గరి మన్నవరంలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఒక ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశారు. అప్పటి ముఖ్యమంత్రి రోశయ్య. విద్యుత్ కేంద్రాలకు కావలసిన భారీ యంత్రాలను తయారుచేసే ఫ్యాక్టరీ అది. కేంద్ర ప్రభుత్వ సంస్థలైన ఎన్టీపీసీ, బీహెచ్ఈఎల్ రెండూ చెరి సగం వాటాతో పెట్టిన ఉమ్మడి కంపెనీ దాన్ని కట్టాలి. పెట్టుబడి 6,000 కోట్ల రూపాయలని చెప్పారు. రాష్ట్ర ప్రభుత్వం సుమారు 750 ఎకరాల భూమి ఇచ్చింది. వేల ఉద్యోగాలు వస్తాయన్నారు. కరువు సీమకు పెద్ద పరిశ్రమ వస్తోందని జిల్లా అంతా సంబరపడింది.

ఆ తర్వాత ఏం జరిగిందో చిత్తూరు జిల్లా వాళ్లకు తెలిసిందే. అనుకున్న ఫ్యాక్టరీలో ఒక చిన్న భాగం తప్ప మిగిలింది రాలేదు. ఇది ఎవరో ఒక నాయకుడి తప్పుగానో, ఒక పార్టీ ద్రోహంగానో చెప్పుకోవడం మనకు అలవాటైంది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన్నవరం పేరు మళ్లీ వినిపిస్తుంది, ఎన్నికలు అయ్యాక ఆగిపోతుంది. మేము ఇక్కడ ఆ వాదనలోకి పోవడం లేదు. యానాది, ఎరుకల, సుగాలి పిల్లలు చదివే బడుల్లో ఈ కథను చరిత్ర పాఠంగా చెప్పుకోవాలన్నది మా కోరిక. ఎందుకంటే దేశానికి ఇంధనం కావలసి వచ్చిన ప్రతిసారీ మన ప్రాంతం ఏదో ఒకటి ఇచ్చింది. ఒకప్పుడు కట్టెలు ఇచ్చింది, తర్వాత భూమి ఇచ్చింది. తిరిగి మన గుడిసెకు ఏం వచ్చిందన్న లెక్క మాత్రం ఎవరూ రాయలేదు. ఆ లెక్క మనమే రాసుకోవాలి.

కట్టెల కాలం

కరెంటు రాకముందు ఇంధనం అంటే కట్టె. మద్రాసు పట్టణం పెరిగే కొద్దీ పొయ్యిలకూ బట్టీలకూ వంటచెరకు కావలసి వచ్చింది. ఆ వంటచెరకు పడవల మీద బకింగ్‌హాం కాలువ వెంట మద్రాసు చేరేది. అది బయలుదేరిన చోట్లలో శ్రీహరికోట ముఖ్యమైనది. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్య ఉన్న ఈ దీవిలో నివసించింది ప్రధానంగా యానాదులు. 1835లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం ఆ దీవిని తన ఆధీనంలోకి తీసుకుంది. అంతవరకు అడవిలో తమ కోసం తేనె, దుంపలు, కుంకుడుకాయలు ఏరుకున్న యానాదులు, ఆ తర్వాత అవే వస్తువులను ప్రభుత్వం కోసం ఏరి, కూలిగా గింజలు తీసుకునే మనుషులయ్యారు. అడవి అదే, పని అదే, యజమాని మాత్రం మారాడు.

రైలు వచ్చాక కట్టెల ఆకలి ఇంకా పెరిగింది. మద్రాసు రైల్వే వాయవ్య మార్గం రేణిగుంట, కడప మీదుగా రాయచూరు దాకా 1871 నాటికి పూర్తయింది. తొలి రోజుల్లో దక్షిణాదిన చాలా ఇంజన్లు బొగ్గుతో కాక కట్టెలతో నడిచేవి. దారి పక్క అడవులు ఇంజన్ల పొయ్యిల్లోకి పోయాయి. అడవి తరిగిపోతోందని భయం పట్టుకున్నాక ప్రభుత్వం 1882లో మద్రాసు అటవీ చట్టం చేసింది. రైళ్లు తిన్న అడవికి కాపలా పెట్టి, మోపు కట్టెలు నెత్తిన పెట్టుకుని వచ్చే ఆడమనిషిని నేరస్తురాలిని చేసిన చట్టం అది. 1911లో కొత్త నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాష్ట్రానికి వచ్చాక ఎరుకలవాళ్లకు పోలీసు హాజరు కూడా తప్పలేదు. దేశమంతటా ఆ ముద్ర చట్టం నుంచి తొలగింది 1952లో. ఊళ్ల నోట్లోంచి ఎప్పుడు తొలగిందో మనకు తెలుసు.

శ్రీహరికోట కథ అక్కడితో ఆగలేదు. 1969లో ఆ దీవిని రాకెట్ ప్రయోగ కేంద్రానికి ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్ లేచింది. దీవిలోని యానాది కుటుంబాలు ఒడ్డుకు చేరాయి. దేశానికి రాకెట్ అవసరం లేదని మేము అనం. మన పిల్లల్లో ఒకరు అక్కడ ఇంజనీరు కావాలని కోరుకుంటాం. కానీ ఒక జాతి తరతరాలుగా బతికిన నేలను తీసుకున్నప్పుడు దానికి దక్కాల్సింది ఏమిటన్న ప్రశ్న శ్రీహరికోటతో మొదలైంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడ్డాక శ్రీహరికోట, మన్నవరం రెండూ ఒకే జిల్లాలో చేరాయి. కాబట్టి ఈ జిల్లా బడుల్లో ఈ రెండు కథలనూ పక్కపక్కనే చెప్పవచ్చు.

కరెంటు వచ్చిన ఊరు, రాని గుడిసె

స్వాతంత్య్రం వచ్చాక కరెంటు పెద్ద మాట అయింది. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు ఏర్పడింది. 1969లో గ్రామాలకు కరెంటు ఇవ్వడానికి అప్పులిచ్చే గ్రామీణ విద్యుదీకరణ సంస్థను కేంద్రం పెట్టింది. ప్రతి పంచవర్ష ప్రణాళికలోనూ ఇన్ని వేల గ్రామాలకు కరెంటు ఇచ్చామని లెక్క చెప్పేవారు. ఆ లెక్క ఎలా వేశారో మన యువత తప్పక తెలుసుకోవాలి.

1997 దాకా ఒక గ్రామం రెవెన్యూ హద్దుల్లో ఎక్కడైనా, ఏ పనికైనా కరెంటు వాడితే చాలు, ఆ గ్రామానికి విద్యుత్ వచ్చినట్టే. అంటే పొలంలో ఒక రైతు మోటారు తిరిగితే, ఊళ్లో ఒక్క దీపం వెలగకపోయినా ఊరు విద్యుదీకరణ అయినట్టే. 1997లో దీన్ని మార్చి, జనం నివసించే చోట కరెంటు వాడాలన్నారు. 2004లో మళ్లీ మార్చారు. బడి, పంచాయతీ, ఆసుపత్రి వంటి చోట్ల కరెంటు ఉండాలి, మొత్తం ఇళ్లలో కనీసం పదో వంతుకు కరెంటు ఉండాలి. అంటే నూరు ఇళ్ల ఊళ్లో పది ఇళ్లకు ఉంటే చాలు. మిగిలిన తొంభై ఇళ్లు చీకట్లో ఉన్నా కాగితం మీద ఊరు వెలుగులోనే ఉంటుంది.

ఆ తొంభైలో మనవాళ్లు ఎక్కడుంటారో ఊహించడం కష్టం కాదు. యానాది సంఘం చెరువు కట్ట పక్కనో, కాలువ గట్టు మీదో, గుట్ట పాదంలోనో, ఊరికి దూరంగా ఉంటుంది. పడమటి మండలాల్లో సుగాలి తండా రెవెన్యూ గ్రామానికి మజరాగా ఉంటుంది. ఊరి లెక్కలో తండా కలిసిపోతుంది, ఊరి కరెంటులో మాత్రం కలవదు. 2018 ఏప్రిల్ 28న మణిపూర్‌లోని లైసాంగ్‌కు కరెంటు చేరడంతో దేశంలోని గ్రామాలన్నిటికీ విద్యుత్ వచ్చిందని కేంద్రం ప్రకటించింది. ఆ ప్రకటన అబద్ధం కాదు. వాళ్లు ఊళ్లను లెక్కపెట్టారు, మనం ఇళ్లను లెక్కపెడతాం. తేడా అంతా అక్కడే ఉంది.

ఇళ్ల కోసం పథకాలు రాలేదని కాదు. 1988-89లో కుటీర జ్యోతి కింద పేద ఇంటికి ఒక్క బల్బు కనెక్షన్ ఇచ్చారు. 2005లో రాజీవ్ గాంధీ గ్రామీణ విద్యుదీకరణ యోజన వచ్చింది. 2017లో 16,320 కోట్ల రూపాయలతో సౌభాగ్య పథకం వచ్చింది. వీటివల్ల మన కాలనీల్లో చాలా ఇళ్లలో దీపం వెలిగింది, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే మొదటి ప్రణాళిక మొదలైన 1951 నుంచి లెక్క వేస్తే, ఇంటిని లెక్కలోకి తీసుకోవడానికే ఈ దేశానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది.

మన్నవరం ఎందుకు పుట్టింది

ఇప్పుడు మన్నవరానికి వద్దాం. 2003లో కొత్త విద్యుత్ చట్టం వచ్చింది. 2005లో జాతీయ విద్యుత్ విధానం ప్రకటించారు. 2012 నాటికి దేశంలో కరెంటు కొరత ఉండకూడదు, తలసరి ఏడాదికి 1,000 యూనిట్లకు పైగా కరెంటు అందాలి అన్నవి దాని లక్ష్యాలు. దానికి తగ్గట్టు 11వ పంచవర్ష ప్రణాళికలో, అంటే 2007-12 మధ్య, 78,700 మెగావాట్ల కొత్త విద్యుత్ కేంద్రాలు కట్టాలనుకున్నారు. చివరికి కట్టగలిగింది 54,964 మెగావాట్లు. వందకు డెబ్బై అన్నమాట. అంతకు ముందు ప్రణాళికలో అయితే 41,110 అనుకుని 21,180 దగ్గర ఆగారు.

వెనకబడడానికి కారణాల్లో యంత్రాలు ఆలస్యంగా రావడం ఒకటి. బాయిలర్లు, టర్బైన్లు చేసే పెద్ద ప్రభుత్వ సంస్థ బీహెచ్ఈఎల్ ఒక్కటే. ఆర్డర్లు ఎక్కువై అది అందించలేకపోతోందని, ప్రైవేటు కంపెనీలు చైనా నుంచి యంత్రాలు తెచ్చుకోవడం మొదలుపెట్టాయి. అప్పుడు కేంద్రం అనుకున్నది ఇది: కరెంటు తయారుచేసే ఎన్టీపీసీ, యంత్రాలు తయారుచేసే బీహెచ్ఈఎల్ కలిసి ఇంకో ఫ్యాక్టరీ పెడితే కొరత తీరుతుంది. 2008 ఏప్రిల్‌లో ఉమ్మడి కంపెనీ ఏర్పడింది. స్థలంగా మన్నవరాన్ని ఎంచుకున్నారు. చెన్నై, కృష్ణపట్నం రేవులు, రేణిగుంట రైలు జంక్షన్, తిరుపతి విమానాశ్రయం అన్నీ అందుబాటులో ఉన్న ప్రాంతం. ప్రభుత్వ భూమి ఒకేచోట దొరికింది.

ఈ "ప్రభుత్వ భూమి" అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. రికార్డులో పోరంబోకు, అనాధీనం, గుట్ట అని రాసిన భూమి ఖాళీ భూమి కాదు. మేకలు మేసేది, కట్టెలు ఏరుకునేది, ఉడుముకూ కుందేలుకూ తిరిగేది, వాన పడితే గుప్పెడు గింజలు చల్లుకునేది అలాంటి చోటే. పట్టా ఉన్న రైతు భూమి తీసుకుంటే పరిహారం లెక్క కడతారు. పోరంబోకు మీద బతికినవాడికి లెక్కే ఉండదు, ఎందుకంటే కాగితం ప్రకారం అతను అక్కడ లేడు. ఉత్తరాంధ్రలోనూ గోదావరి ఏజెన్సీలోనూ గిరిజన భూమికి 1/70 చట్టం రక్ష ఉంది. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. 1/70 ఇక్కడ వర్తించదు, పెసా చట్టమూ వర్తించదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి చిత్తూరు జిల్లా జనాభా 41.74 లక్షలు, అందులో గిరిజనులు నూటికి నలుగురి కంటే తక్కువ. చెల్లాచెదురుగా ఉన్న ఈ కొద్దిమంది గొంతు, భూమి కేటాయించే గదిదాకా చేరదు.

శ్రీకాళహస్తి బ్రహ్మోత్సవాల్లో మొదటి ధ్వజం వేటగాడైన కన్నప్పకు ఎత్తుతారు. అలాంటి ఊరి పక్కన పరిశ్రమ వచ్చినప్పుడు, వేటగాళ్ల పిల్లలకు అందులో చోటెక్కడ అని ముందే అడగాల్సింది. భూమి ఒప్పందం రాసే రోజునే స్థానిక గిరిజన యువతకు ఇన్ని శిక్షణ సీట్లు, ఇన్ని ఉద్యోగాలు అని రాయించుకోవాల్సింది. ఆ పని చేయడానికి అప్పుడు మన దగ్గర ఒక సంఘంగానీ, ఒక అర్జీగానీ సిద్ధంగా లేదు.

ఎందుకు ఆగిపోయింది

శంకుస్థాపన జరిగిన నాటికే దేశంలో పరిస్థితి మారడం మొదలైంది. మూడు మార్పులు గమనించాలి.

మొదటిది, యంత్రాలు చేసేవాళ్లు ఎక్కువయ్యారు. బీహెచ్ఈఎల్ తన సొంత సామర్థ్యాన్ని 2012 నాటికి ఏడాదికి 20,000 మెగావాట్లకు పెంచుకుంది. ఎల్ అండ్ టీ జపాన్ కంపెనీ మిత్సుబిషితో కలిసి గుజరాత్‌లోని హజీరాలో ఫ్యాక్టరీ పెట్టింది. తోషిబా, జిందాల్ కలిసి చెన్నై దగ్గర పెట్టాయి. ఇంకా కొన్ని కంపెనీలు ఇదే దారి పట్టాయి. భాగస్వామి అయిన బీహెచ్ఈఎల్‌కే సొంత ఫ్యాక్టరీలకు పని చాలనప్పుడు, మన్నవరానికి ఆర్డర్లు ఎక్కడినుంచి వస్తాయి?

రెండోది, బొగ్గు. కొత్త కేంద్రాలకు సరిపడా బొగ్గు దొరకలేదు. గనుల కేటాయింపుల్లో అక్రమాలు బయటపడి, 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టు 204 బొగ్గు గనుల కేటాయింపులను రద్దు చేసింది. పక్కనే నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో 4,000 మెగావాట్ల అల్ట్రా మెగా కేంద్రాన్ని రిలయన్స్ పవర్ యూనిట్ 2.33 రూపాయలకు కరెంటు ఇస్తానని దక్కించుకుంది. ఇండోనేషియా బొగ్గు ధర నిబంధనలు మార్చగానే గిట్టదని పని ఆపేసింది. అక్కడా భూమి తీసుకున్నారు, కేంద్రం మాత్రం రాలేదు.

మూడోది, గిరాకీ. అనుకున్నంత వేగంగా పరిశ్రమలు పెరగలేదు. విద్యుత్ పంపిణీ సంస్థలు అప్పుల్లో కూరుకుపోయి కరెంటు కొనలేకపోయాయి. 2009-10లో దేశంలోని థర్మల్ కేంద్రాలు తమ శక్తిలో 77.5 శాతం పనిచేశాయి. 2016-17 నాటికి అది 60 శాతానికి పడిపోయింది. కట్టిన కేంద్రాలే సగం ఖాళీగా కూర్చున్నాయి. 2016 డిసెంబరులో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ముసాయిదా ప్రణాళికలో, ఇప్పటికే 50,025 మెగావాట్ల బొగ్గు కేంద్రాలు నిర్మాణంలో ఉన్నాయి కాబట్టి 2022 దాకా వేరే కొత్తవి అక్కర్లేదని రాసింది. 2018 మార్చిలో పార్లమెంటు ఇంధన స్థాయీ సంఘం 34 థర్మల్ ప్రాజెక్టులు, 40,130 మెగావాట్లు, అప్పుల ఊబిలో ఉన్నాయని నివేదిక ఇచ్చింది.

ఈ లెక్కల మధ్య మన్నవరం నిలబడలేదు. విద్యుత్ కేంద్రాల్లో బొగ్గునూ బూడిదనూ తరలించే పరికరాల విభాగం దగ్గరే పని ఆగింది. బాయిలర్లు, టర్బైన్ల మాట మరుగున పడింది. ఎన్టీపీసీ ఈ భాగస్వామ్యం నుంచి తప్పుకోవాలని సూత్రప్రాయంగా నిర్ణయించుకుంది, తర్వాత కంపెనీని మూసేయడం దాకా చర్చ వెళ్లింది.

చరిత్ర ఇక్కడ ఇంకో మలుపు తిరిగింది. కరోనా తర్వాత కరెంటు గిరాకీ మళ్లీ పెరిగింది. 2031-32 నాటికి ఇంకో 80,000 మెగావాట్ల బొగ్గు కేంద్రాలు కావాలని కేంద్రం చెప్పింది. బీహెచ్ఈఎల్‌కు మళ్లీ ఆర్డర్లు వస్తున్నాయి. అంటే కావలసినప్పుడు యంత్రాలు లేవు, యంత్రాల ఫ్యాక్టరీ మొదలుపెట్టినప్పుడు గిరాకీ లేదు, గిరాకీ వచ్చినప్పుడు ఆ ఫ్యాక్టరీ లేదు. కొరత కనిపించినప్పుడు పరుగెత్తడం, మిగులు కనిపించినప్పుడు వదిలేయడం, మన ఇంధన విధానం నడక ఇదే. ఈ నడకలో దుబారా ఎప్పుడూ పుడుతూనే ఉంటుంది.

దుబారా అంటే ఏమిటి

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. "మన్నవరంలో 6,000 కోట్లు వృథా అయ్యాయి" అని కొందరు అంటారు. అది తప్పు. ఆ డబ్బు ఖర్చే కాలేదు. 6,000 కోట్లు ప్రకటన మాత్రమే. మన పిల్లలకు మూడు మాటల తేడా నేర్పాలి. ప్రకటన అంటే వేదిక మీద చెప్పినది. కేటాయింపు అంటే బడ్జెట్ పుస్తకంలో రాసినది. ఖర్చు అంటే ఖజానా నుంచి నిజంగా బయటికి పోయినది. మూడూ ఒకటి కావు. తప్పు అంకె పట్టుకుని అడిగితే అధికారి ఒక్క మాటతో మన నోరు మూయిస్తాడు. సరైన అంకెతో అడిగితే అతను జవాబు వెతుక్కోవాలి.

మరి మన్నవరంలో వృథా అయ్యింది ఏమిటి? రెండు ప్రభుత్వ సంస్థలు పెట్టిన మూలధనం ఒకటి, అది ప్రజల సొమ్మే. సుమారు 750 ఎకరాలు ఏళ్ల తరబడి అనుకున్న పనికి వాడుకలోకి రాకపోవడం రెండోది. మూడోది ఏ ఆడిట్ నివేదికలోనూ కనిపించదు. వచ్చే ఉద్యోగం కోసం ఐటీఐలో చేరిన కుర్రాడి ఏళ్లు, మన ఊరి పక్కనే పని దొరుకుతుందని ఇటుక బట్టీకి పోకుండా ఆగిన కుటుంబం ఆశ, ఇవి కూడా ఖర్చే. ధనికుల దగ్గర ఇంకో అవకాశం ఉంటుంది కాబట్టి వాళ్లకు ఆలస్యం నష్టం మాత్రమే. పేదవాళ్లకు ఆలస్యం అంటే ఒక తరం.

అయితే పెద్ద ప్రాజెక్టులన్నీ దుబారా అని తేల్చేయడం కూడా సరికాదు. కరెంటు లేకుండా బడి లేదు, ఆసుపత్రి లేదు. రాత్రి గుడిసెలో పాము కనిపించాలన్నా దీపం కావాలి. మేము అడిగేది ఒక్కటే: ఏ ఖర్చునైనా మూడు ప్రశ్నలతో తూచండి. భూమి ఎవరిది? డబ్బు ఎవరిది? చివరికి వెలుగు ఎవరి ఇంట్లో? మూడో ప్రశ్నకు జవాబు లేని ఖర్చు, కాగితం మీద ఎంత అందంగా ఉన్నా, మనకు దుబారానే.

మన వాటా మన పేరుతోనే ఎటు పోతుంది

2013లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం చేసింది. జనాభాలో మన శాతం ఎంతో ప్రణాళిక నిధుల్లో మన వాటా అంత ఉండాలని దాని సారం. మంచి చట్టం. కానీ అందులో ఒక సందు ఉంది. విడదీయడానికి వీలుకాని మౌలిక సదుపాయాల పనుల్లో కొంత భాగాన్ని ఎస్సీ, ఎస్టీల కోసం ఖర్చు పెట్టినట్టుగా భావించవచ్చని చట్టమే చెబుతుంది. అంటే ఒక పెద్ద పని ఎక్కడ జరిగినా, అందులో కొంత మన పద్దులో రాసుకోవచ్చు. మన సంఘానికి వీధి దీపం రాకపోయినా, మన పేరున ఖర్చు పూర్తయినట్టు పుస్తకంలో ఉండవచ్చు.

వ్యవసాయానికి ఉచిత కరెంటు 2004 మే నుంచి ఉంది. చిత్తూరు సీమలో చాలా చోట్ల బోరే ఆధారం. కాబట్టి రైతుకు ఆ పథకం ప్రాణం. కానీ భూమి, బోరు, మోటారు మూడూ ఉన్నవాడికే అది అందుతుంది. కయ్య గట్ల మీద ఎలుకలు పట్టి, తోటలకు కాపలా ఉండే యానాది కుటుంబానికి ఏదీ అందదు. 2011లో ఎస్సీ, ఎస్టీల భూముల్లో బోర్లు వేసి కరెంటు ఇచ్చేందుకు ఇందిర జలప్రభ పథకం వచ్చింది. అది కూడా డీకేటీ పట్టా ఉన్నవాళ్లకే పనికొచ్చింది.

ఇళ్లకు ఉచిత కరెంటు మాత్రం నేరుగా మన గురించే. మొదట 50 యూనిట్లు, తర్వాత 100, 2019లో 200 యూనిట్ల దాకా పెంచారు. కానీ ఇది అందాలంటే ఇంటికి మీటరు, మనిషికి కుల ధ్రువపత్రం, రికార్డులో పేరు ఉండాలి. మీటరు కోసం పోతే ఇంటి పట్టా అడుగుతారు. పట్టా కోసం పోతే ఆధార్ చిరునామా అడుగుతారు. కుల పత్రం కోసం పోతే మునుపటి పత్రం ఏదైనా ఉందా అంటారు. చెరువు గట్టు మీద పుట్టి చెరువు గట్టు మీదే పెరిగిన మనిషి ఈ చక్రంలో ఎక్కడ మొదలుపెట్టాలి? వేల కోట్ల పథకం చివరి అడుగులో ఒక కాగితం దగ్గర ఆగిపోతుంది.

యువత, టీచర్లు చేయగలిగినవి

చరిత్ర చదివి బాధపడి వదిలేస్తే ప్రయోజనం లేదు. మన చేతిలో ఉన్న పనిముట్లు కొన్ని చెబుతాం.

విద్యుత్ చట్టం 2003లోని 43వ సెక్షన్ గుర్తుపెట్టుకోండి. ఇంటి యజమాని గానీ, ఆ ఇంట్లో నివసిస్తున్నవారు గానీ దరఖాస్తు పెట్టుకుంటే పంపిణీ సంస్థ నెలలోగా కరెంటు ఇవ్వాలి. లైను కొత్తగా లాగాల్సి వస్తే కొంత అదనపు గడువు ఉంటుంది. చట్టం "నివసిస్తున్నవారు" అన్న మాట వాడింది. పట్టా లేదన్న ఒక్క కారణంతో మనల్ని తిప్పి పంపితే, ఈ సెక్షన్ చూపించి రాతపూర్వకంగా కారణం అడగాలి. అప్పటికీ కాకపోతే పంపిణీ సంస్థలోని వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకు ఫిర్యాదు చేయవచ్చు. మన దక్షిణ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది.

అడవి భూమి మీద లైను లాగడం కుదరదంటే, 2006 అటవీ హక్కుల చట్టంలోని 3(2) చూపించండి. కరెంటు లైన్లు, బడి, అంగన్‌వాడీ, తాగునీరు వంటి పనులకు ఒక్కో పనికి ఒక హెక్టారు లోపు అటవీ భూమిని, గ్రామసభ సిఫారసుతో ఇవ్వవచ్చు. షెడ్యూల్డ్ ప్రాంతం కాకపోయినా ఈ చట్టం మన జిల్లాలకు వర్తిస్తుంది. గ్రామసభలో తీర్మానం రాయించడం టీచరు సాయంతో మన యువత చేయగల పని.

సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. పేదరికపు రేఖ దిగువన ఉన్నవాళ్లకు ఫీజు అక్కర్లేదు. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అడగాల్సినవి చిన్న ప్రశ్నలు: మా మండలంలో ఎస్టీ ఇళ్లు ఎన్ని, మీటర్లు ఎన్ని? ఉపప్రణాళిక పద్దు కింద మా మండలంలో కరెంటు పనులకు నిరుడు ఖర్చైనది ఎంత, ఏ కాలనీలో? ఏ భూమిని ఏ పరిశ్రమకు ఇచ్చారు, గడువులోగా వాడకపోతే వెనక్కి తీసుకునే షరతు ఉందా?

ఇంకొకటి మనవాళ్లలో చాలామందికి తెలియదు. కరెంటు చార్జీలు నిర్ణయించే ముందు రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఏటా బహిరంగ విచారణ జరుపుతుంది. పంపిణీ సంస్థల ఖర్చుల లెక్కలు అప్పుడు జనం ముందుకు వస్తాయి. ఎవరైనా అభ్యంతరం రాసి పంపవచ్చు, మాట్లాడవచ్చు. అక్కడికి పరిశ్రమల వాళ్లు వస్తారు, రైతు సంఘాలు వస్తాయి, పార్టీలు వస్తాయి. యానాది సంఘం నుంచి ఒక్కరు వెళ్లి "మా కాలనీలో ఇన్ని ఇళ్లకు మీటరు లేదు" అని రికార్డులో చెబితే, ఆ మాట కాగితం మీద నిలుస్తుంది. 1835 నుంచి మన పేరున రాసిన కాగితాలు చాలా ఉన్నాయి. మనం రాయించిన కాగితాలు మాత్రం తక్కువ.

టీచర్లకు మాదొక విన్నపం. ఎనిమిదో తరగతి నుంచి పిల్లల చేత సొంత కాలనీ "కరెంటు చరిత్ర" రాయించండి. మొదటి స్తంభం ఎప్పుడు వచ్చింది, మొదటి బల్బు ఎవరింట్లో వెలిగింది, అంతకు ముందు కిరసనాయిలు బుడ్డికి నెలకు ఎంత పోయేది, ఎవరింట్లో ఇంకా లేదు, ఎందుకు లేదు. తాతలను, అవ్వలను అడిగి రాయాలి. కట్టెలు అమ్మిన కథలు, అటవీ గార్డు పట్టుకున్న కథలు అందులోకే వస్తాయి. ఇరవై కాలనీల చరిత్రలు ఒకచోట పెడితే, ఏ శాఖ దగ్గరా లేని లెక్క మన దగ్గర ఉంటుంది.

ప్రభుత్వాలు మారతాయి, ఇంధన విధానాలు మారతాయి. కట్టె పోయి బొగ్గు వచ్చింది, బొగ్గు పక్కన ఇప్పుడు సౌర విద్యుత్, గాలి మరలు వస్తున్నాయి. రాయలసీమలో ఎండ, గాలి, "ఖాళీ భూమి" ఎక్కువని మళ్లీ ఎంచుతున్నారు. రేపు మన గుట్ట పక్కన సోలార్ పలకలు పరిచినా, గాలి మర నిలబెట్టినా, అడగాల్సిన ప్రశ్నలు పాతవే. భూమి ఎవరిది, డబ్బు ఎవరిది, వెలుగు ఎవరింట్లో. శంకుస్థాపన అయ్యాక అడిగితే మన్నవరం లాగే మిగులుతాం. ఈసారి పలుగు నేలను తాకకముందే, గ్రామసభలో, రాతపూర్వకంగా అడుగుదాం.